మూడూ నలభై

సాహితి గోడకు ఇరవై మూడు కాగితాలు అంటించింది. పై వరుసలో పసుపువి, కింది వరుసలో నీలంవి. మధ్యలో ఒక్క కాగితం మీద మాత్రం ఏమీ రాయలేదు. రెండు రోజులుగా ఆ గదిలో కూర్చుని నేను ఎటు చూసినా, నా చూపు చివరికి ఆ ఖాళీ కాగితం దగ్గరే ఆగుతోంది.

సిద్దిపేట నుంచి హుస్నాబాద్ పోయే రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు, దాని పైన ఈ గది. పెళ్లివారి బ్యాండు చప్పుడు లోపలికి రాకుండా కిటికీలకు అద్దాలు బిగించేశారు. తలుపుకు లోపలివైపు పిడి ఊడిపోయింది. బయటికి పోవాలంటే వాచ్‌మన్‌కు ఫోన్ చేయాలి, అతను మెట్లెక్కి వచ్చి తీయాలి. నిన్న ముగ్గురం దాని గురించి నవ్వుకున్నాం. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

సాహితి సినిమాలకు కథలు రాస్తుంది. ఊరు హుస్నాబాదే, ఉండేది హైదరాబాద్. వయసు ముప్పై లోపే. జగదేవ్‌పూర్ కాంట్రాక్టరు ఒకాయన సినిమా తీయాలనుకుని ఆమెను పెట్టుకున్నాడు. ఇద్దరు పోలీసుల కథ కావాలన్నాడు. ఇద్దరికీ పడకూడదు, కానీ ఒకే బండి మీద తిరగాలి. ఫైట్లుండాలి. చివరికి ఒకరి కోసం ఒకరు ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడాలి. ఆరేళ్ల కింద పేపర్లో వచ్చిన ఫోటో చూసి ఆ ఇద్దరు పోలీసులం మేమే, నేనూ సిద్ధన్నా, అనుకున్నాడు. పైఅధికారి కూడా పొమ్మన్నాడు, వచ్చాం.

ఆ ఫోటో కూడా గోడ మీదే ఉంది. సిద్ధన్నను రెండు చేతుల మీద ఎత్తుకుని నేను ఆటో వైపు పరుగెడుతున్నాను. ఆయన కుడిచేతికి నా తువ్వాల, ఎర్రగా. నా తల తడిసి ముద్దగా ఉంది. చెమట అనుకున్నారందరూ.

"సార్, ఒకటి అడుగుత," అంది సాహితి ఫోటోకు దగ్గరగా పోయి. "మీ కాలర్ మీద నల్లగ ఏంది?"

"రక్తం."

"తువ్వాల మీద ఎర్రగనే ఉంది కద."

"ఎండినంక నల్లగైతది బిడ్డా," అన్నాడు సిద్ధన్న కుర్చీలోంచి.

ఆయన ఎప్పుడూ ఇంతే. నేను జారబోయే చోట ముందే చెయ్యి పెడతాడు. ఆ చెయ్యి కింద బతకడం ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసో లేదో ఆరేళ్లుగా తేల్చుకోలేకపోయాను.

సిద్ధన్న అసలు పేరు సిద్ధయ్య. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. పెట్రోలింగ్ బండి మీద నాలుగేళ్లు మేమిద్దరం జోడీ. ఇప్పుడాయన స్టేషన్ ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు దారి చెబుతాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవు. చాయ్ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటాడు. ఈ సినిమా అంటే ఆయనకు చిన్నపిల్లాడి సంబరం.

"నా ఏషం ఎవలు ఏస్తరు బిడ్డా? మీసాలున్నోన్ని పెట్టు."

"మీసాలున్నోన్నే పెడత సార్. కని మీరు సగంల పోవచ్చు."

"చంపుతవా?"

"ఇంక అనుకోలే."

"చంపేదుంటే పాట అయినంక చంపు. పాటల మా ఆవిడ పక్కన ఎవలుంటరో చూడాలె."

సాహితి పడీపడీ నవ్వింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆమె నవ్వు ఆపి తిరిగే పద్ధతి నాకు భయం. స్టేషన్లో మేం చేసేది అదే.

"ఓంప్రకాశ్ సార్, ఇట్లాంటి కథల గొడవ బయటోనితో కాదు. విలన్ ఊకె ఉంటడు. అసలు గొడవ ఈ ఇద్దరి మధ్యల. మొదట్ల ఒకడు రూల్ ప్రకారం పోతడు, ఇంకొకడు రూల్ ఎరుగడు. ఆఖరికి వీనిది సగం వానికి, వానిది సగం వీనికి వస్తది. ఎవడూ మారకపోతే రెండున్నర గంటలు జనం ఎందుకు కూసోవాలె? మీరు చెప్పిన కథల ఇద్దరూ మొదట్నే మంచోళ్లు, ఆఖరికీ మంచోళ్లే. మీరు ఎక్కడ మారిన్రు సార్?"

నేను గోడ వైపు తిరిగాను. పసుపు కాగితాలు నావి, నీలం కాగితాలు సిద్ధన్నవి. 'బండి ఎవడు నడపాలని కొట్లాట.' 'టీ కొట్టు దగ్గర రాజీ.' 'సిద్ధయ్య ఇంట్లో భోజనం.' అన్నీ జరిగినవే. ఖాళీ కాగితం తర్వాత మళ్లీ మొదలవుతాయి. 'కొడవలి ముందు ఇద్దరూ.' 'ఓంప్రకాశ్ వాణ్ని వెనక నుంచి పట్టుకుంటాడు.' అవి జరగలేదు.

జరిగింది ఇది. పెట్రోలింగ్‌లో బ్యాంకు గోడకో, నగల దుకాణం గుమ్మానికో పాయింట్ బుక్ వేలాడుతుంది. ఆ చోటికి వచ్చినట్టు ఇద్దరూ దస్కత్ పెట్టి, పక్కన టైం వేయాలి. జోడీలో ఒకరికి చిన్న పని పడితే రెండోవాడు ఇద్దరి దస్కత్‌లూ పెట్టేస్తాడు. అందరూ చేసేదే. నేను సిద్ధన్నకు ఎన్నోసార్లు పెట్టాను. ఆ మంగళవారం ఆయన నాకు పెట్టాడు. మూడూ అయిదుకు, మార్కెట్ యార్డు పక్క బ్యాంకు దగ్గర.

నేను కటింగ్ షాపులో నెత్తికి రంగు వేయించుకుంటున్నాను.

యార్డు గేటు దగ్గర పొలం గెట్టు పంచాయితీ పెట్టుకున్న ఇద్దరన్నదమ్ములు అరుచుకోవడం మొదలుపెట్టారు. సిద్ధన్న నాకు ఫోన్ చేశాడు. అద్దం ముందు నా ఫోన్ వెలిగింది. తొందర పెడుతున్నాడనుకున్నాను. రంగు ఇంకా పట్టలేదు. నాకు అప్పుడు ముప్పై ఎనిమిది, సగం తల తెల్లబడింది, ఎల్లుండి నా మరదలు పెళ్లి. ఫోన్‌ను బోర్లా పెట్టాను. పెట్టాక కూడా అది మళ్లీ మళ్లీ అదిరింది. అయిదు నిమిషాల్లో చేరుకోగలిగే దూరం అది. నేను తల కడుక్కుని పోయేసరికి మూడూ నలభై. సిద్ధన్న చేతి మీద కొట్టినవాడే కొడవలి పారేసి నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. నాకు పట్టుకోవడానికి మిగిలింది సిద్ధన్న ఒక్కడే. పట్టుకున్నాను. అప్పుడే ఎవరో ఫోటో తీశారు.

తర్వాత పాయింట్ బుక్ చూశారు. అందులో ఇద్దరం ఉన్నాం. పరేడ్‌లో ఇద్దరికీ ప్రశంసాపత్రం ఇచ్చారు.

దవాఖానలో నేను నోరు తెరవబోతే సిద్ధన్న తల అడ్డంగా ఊపాడు. "నీ దస్కత్ పెట్టింది నేను. నువ్వు చెప్తే ముందుగల సస్పెండయ్యేది నేను. చెయ్యి ఎట్లాగు పోయింది, నౌకరి గూడ తియ్యకు." అంతే. నన్ను ఎక్కడున్నావని అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. నిజం చెబితే దెబ్బ తగిలేది మళ్లీ ఆయనకే. తప్పు నాది, తాళం ఆయనది, తాళంచెవి ఇద్దరి దగ్గరా లేదు.

ఆ రోజు నుంచి రంగు వేయలేదు. దోస్తు మీది దిగులుతో తల తెల్లబడిందని మా స్టేషన్లో కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతారు. నేను నిజంగా మారింది అంతవరకే. దాన్ని కూడా కథ మింగేసింది.

"ఇంటర్వెల్ దగ్గర నాకు ఒక గొయ్యి కావాలె," అంది సాహితి, వేలు ఖాళీ కాగితం మీద పెట్టి. "ఒకడు ఇంకొకన్ని వదిలెయ్యాలె. అప్పుడు గద వాపసొస్తే విలువ. నిజంగ ఏమైందో పక్కన పెట్టుండ్రి. కొడవలి లేచినప్పుడు ఓంప్రకాశ్ అక్కడ లేడనుకుందాం."

నేను కుర్చీ వెనక్కి నెట్టాను.

"అట్ల కాలేదు," అన్నాను. గొంతు పెద్దదయింది.

"అనుకుందాం అన్న సార్."

"అనుకొనీయ్ తియ్యి తమ్మీ, మంచిగుంటది," అన్నాడు సిద్ధన్న. ఆయన నన్ను చూడటం లేదు, గోడను చూస్తున్నాడు. "లేకపోతె యాడున్నడు మరి?"

"తల్లికి గుండెనొప్పి, దవాఖానల ఉన్నడు," అంది సాహితి. "లేకపోతె విలన్ తప్పుడు ఫోన్ చేయించిండు."

"ఏ, గవన్నీ అందరు చూసినయే. కటింగ్ షాపుల పెట్టు."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆరేళ్లలో ఆయన ఆ షాపు పేరెత్తడం ఇదే మొదటిసారి. తెలుసునన్నమాట. నా తల నుంచి కారిన నీళ్లు ఆయన ముఖం మీద పడి ఉంటాయి. ఆ రంగు వాసన తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"నెత్తికి రంగేసుకుంటుండు," అన్నాను.

సాహితి పెన్ను ఆగింది.

"ఫోన్ వచ్చింది. చూసిండు. రంగు పట్టలేదని ఎత్తలే. బోర్ల పెట్టిండు."

బ్యాండు కింద ఎక్కడో మోగుతున్నట్టు నేల అదిరింది, చప్పుడు మాత్రం లేదు. సాహితి నా తల చూసింది. తర్వాత ఫోటో చూసింది, కాలర్ దగ్గర. ఆమె ముఖంలో ఏదో వచ్చి, నిలవకుండా పోయింది. నాకు ఊపిరి ఆడింది. ఇక అడుగుతుంది, నేను చెబుతాను, ఏదైతే అదవుతుంది అనుకున్నాను.

"ఇది పెట్టలేం సార్," అందామె మెల్లగా. "తల్లి కోసం పోయినోన్ని జనం క్షమిస్తరు. రంగు కోసం ఉన్నోన్ని క్షమించరు. క్షమించాలంటే ఆఖరికి వాడు చావాలె. ప్రొడ్యూసర్‌కు ఇద్దరూ బతకాలె."

ఖాళీ కాగితం మీద 'తల్లి – దవాఖాన' అని రాసింది. రాసిన తర్వాత కొంచెంసేపు దాని మీంచి చెయ్యి తీయలేదు.

మా అమ్మ ఎర్రవల్లిలో నిక్షేపంగా ఉంది.

అప్పుడు ఆమె సంచిలోంచి ఒక పత్రం తీసింది. కాంట్రాక్టరు పంపించాడట, సంతకాలు లేకుండా వెనక్కి రావద్దన్నాడట. చదివి వినిపించింది. సినిమాలో మార్పులు చేసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. సంఘటన జరిగిన సమయంలో మేమిద్దరం అక్కడే ఉన్నాం, మేం చెప్పినదంతా నిజం.

పత్రం నా ముందుకు వచ్చింది. పెడితే ఈసారి అబద్ధం నా చేత్తో రాసినట్టు. ఇన్నాళ్లూ నా పేరును సిద్ధన్న రాశాడని లోపల ఒక మూల ఆనుకుని బతికాను. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు. పాయింట్ బుక్ మళ్లీ తెరుస్తారు. అందులో తప్పు చేసిన చెయ్యి సిద్ధన్నది.

తలుపు చూశాను. పిడి ఉండాల్సిన చోట రెండు రంధ్రాలు.

"పెట్టు తమ్మీ," అన్నాడు సిద్ధన్న. "నాది గూడ నువ్వే పెట్టు. నా చెయ్యి వంగది."

మామూలుగానే అన్నాడు. కానీ నాకు ఆ మాట బాకీ తిరిగి అడిగినట్టు వినిపించింది. పెన్ను తీసుకున్నాను. నా పేరు రాశాను, కింద నా నంబరు. అక్కడ ఆగాల్సింది. చెయ్యి ఆగలేదు. పక్కన టైం వేశాను. 3:40.

"టైం ఎందుకు సార్?" అంది సాహితి.

సిద్ధన్న ముందుకు వంగి చదివాడు. చాలాసేపు చదివాడు, అంకెలు మూడే అయినా.

"మా అలవాటు బిడ్డా," అన్నాడు. "పాయింట్ బుక్‌ల గట్లనే ఏస్తం. ఎవలు ఎప్పుడు వస్తె గప్పటి టైం."

"నీది నేను పెట్టను, అన్నా," అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. పెన్ను ఎడమచేత్తో పట్టుకున్నాడు. కాగితం జారిపోతుంటే నేను రెండు వైపులా అదిమి పట్టాను. ఒక్కొక్క అక్షరం ఒకటో తరగతి పిల్లవాడిలా రాశాడు. పక్కన 3:05 వేశాడు. సాహితి రెండు అంకెలనూ చూసింది. పత్రాన్ని ఫైల్లో పెట్టి, వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది. ఆ ఫైలును ఇక ఎవరూ చదవరు. చదివినా అలవాటే అనుకుంటారు.

తలుపు తెరుచుకుంది. బ్యాండు చప్పుడు ఒక్కసారిగా మీద పడింది. మెట్లు దిగుతూ సిద్ధన్న గోడ పట్టుకుని సగంలో ఆగాడు.

"ఫోన్ ఎన్నిసార్లు కొట్టిన్నో యాదికున్నదా?"

"నాలుగు."

"నాలుగోది ఎడమ చేత్తోని కొట్టిన," అన్నాడు.

నేను పైమెట్టు మీద ఉండిపోయాను. ఆయన కింది మెట్టు మీద నిలబడి, నేను దిగే దాకా కదలలేదు.