సాంబ్రాణి చాటు మూకుడు

నేను ఒక ఇనప మూకుణ్ణి. నలుపు, బరువు, రెండు చెవులు, ఇదీ నా అందం. నన్ను చూసి ముచ్చటపడినవాళ్ళు లేరు గానీ, నాలో వండింది తిన్నాక అడుగు గీక్కోనివాళ్ళూ లేరు.

పుట్టుక చెప్పమంటే కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. గోదావరి కాలవ మీద లాకుల తలుపు ఒకటి పాతబడిందని తీసేస్తే, అందులో ఓ రేకు ముక్క కమ్మరి వీరబ్రహ్మం కొలిమికి చేరింది. రెండ్రోజులు ఎడాపెడా బాది, నన్ను మూకుణ్ణి చేశాడు. ఆ దెబ్బలు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది.

నన్ను కొనుక్కెళ్ళింది సువార్తమ్మ. ఊడ్పులకీ కోతలకీ పోయే మనిషి. ఆదివారం చర్చి నుంచి రాగానే పొయ్యి మీద నన్ను ఒక్కదాన్నే పెట్టేది. పావుకిలో వేటమాంసం, తినేవాళ్ళు ఏడుగురు. అందుకని దుంపలు ఎక్కువ. ముందు ఉప్పూ పసుపూ పట్టించిన మాంసం, చుక్క నీళ్ళు పొయ్యకుండా. దాని నీరు అదే ఊరి, అదే ఇగిరి, కొవ్వు కరిగి చిటపటలాడేవేళకి బంగాళాదుంపల్ని రెండు చెక్కలుగా కోసి బోర్లా పరిచేది. పక్కన కూర్చున్న మనవరాలు కరుణ గరిటె పెట్టబోతే మొట్టికాయ పడేది. "ఉండవే! దుంప దానంతటది అడుగు వదిలేదాకా కెలకమాక. తొందరపడితే తోలు అంటుకుపోద్ది."

ఆ కరుణకే పెళ్ళిలో నన్ను ఇచ్చింది. కరుణ మొగుడు ప్రభుదాసుకి కాకినాడలో ఉద్యోగం. ఊరు పెద్దదే, ఇల్లు మాత్రం దొరకలేదు. ఆరు గుమ్మాలు ఎక్కి దిగారు. "మీరేవిట్లు?" అని ఒకరు, "నీసు తింటారా?" అని ఇంకొకరు. అద్దెకిచ్చే ఇంటి కంటే అద్దెకొచ్చేవాళ్ళ పొట్టలోనే ఎక్కువ వెతుకుతారు ఈ మనుషులు. ఏడో గుమ్మం విశాలాక్షమ్మగారిది. ప్రభుదాసు విసిగిపోయి ఉన్నాడేమో, పేరులో సగం మింగేసి "దాసండీ" అన్నాడు, "మేం ముట్టమండీ" అన్నాడు. మేడమీది వాటా ఇచ్చేసింది.

అదిగో, ఆ రోజు నుంచి నాకు చెర. గోనెగుడ్డలో చుట్టి, ట్రంకుపెట్టెలో పాత చీరల అడుగున పెట్టి తాళం వేశారు. ఆరు రోజులు కలరా ఉండల వాసనే నా ఊపిరి. తలుపు రేకుగా పుట్టినందుకు తలుపుల వెనకే బతకమని నా నుదుట రాశారు కాబోలు.

ఆదివారం మధ్యాహ్నం బయటికి తీసేవారు. ప్రభుదాసు మాంసాన్ని టిఫిన్ క్యారేజీలో పెట్టుకుని, పైన తోటకూర కట్ట కనబడేలా సంచి పట్టుకుని మెట్లెక్కేవాడు. కిటికీలు బిగించి, గుమ్మం కింద తడి తువ్వాలు కుక్కి, గుప్పెడు సాంబ్రాణి వేస్తే ఇల్లంతా పొగ. కరుణ బొట్టు సంగతైతే మరీను. చర్చి గేటు దగ్గర తుడుచుకోవడం, వీధి మలుపులో మళ్ళీ పెట్టుకోవడం. మొదట్లో ఇద్దరూ చెప్పుకుని పడీపడీ నవ్వేవారు. పోనుపోను ఆ నవ్వు ఆగిపోయింది.

పోనీ ఆ విశాలాక్షమ్మగారు గయ్యాళి అయినా బాగుండేది! అబ్బే, వెన్నలాంటి మనిషి. కరుణకి నెల తప్పిందని తెలిసిన దగ్గర్నుంచి పప్పుచారు పంపేది, మాగాయి పంపేది, మెట్లు నెమ్మదిగా దిగమని కేకలేసేది. కరుణ నోరారా "పిన్నిగారూ" అనేది. ఆ ప్రేమే ఆ పిల్ల గొంతుకి ఉరయింది. ఒకసారి నన్ను తోముతూ, "ఈవిణ్ణి మోసం చేస్తున్నానే," అని నాతోనే అని కళ్ళు తుడుచుకుంది. ఏడో నెల కడుపుతో ఏడో గుమ్మం దాటి ఎక్కడికి పోతుంది?

ఆ ఆదివారం దుంపలు అప్పుడే అడుగు వదిలాయి. కరుణ పళ్ళెం ముందేసుకుంది. తలుపు చప్పుడు.

"అమ్మాయ్ కరుణా, నేనేనే! తలుపు తియ్యి!"

ప్రభుదాసు ఒక్క ఉదుటున లేచాడు. సలసలా కాగుతున్న నన్ను మసిగుడ్డతో ఎత్తి, మూత పెట్టి, గోడ అల్మరాలోకి తోసి తలుపు మూశాడు. ఒక్క పీట వెయ్యాలన్న ఇంగితం లేదు! నా కింద ఆవిడగారి టేకుచెక్క చుర్రుమంది.

విశాలాక్షమ్మగారు పువ్వులూ ఆకుపచ్చ గాజులూ కొబ్బరికాయా పట్టుకుని వచ్చి చాప మీద చతికిలబడింది. "ప్రతి ఆదివారం మీ ఇంట్లోంచి సాంబ్రాణి వాసనొస్తుంది. ఈ రోజుల్లో ఇంత నిష్ఠగా ఆదివారం నోము పట్టేవాళ్ళెక్కడమ్మా? వీధంతా చెప్పాను. ఏడో నెల కూడా పడింది కదా, ఈ మంచిరోజే గాజులు వేద్దామని వచ్చాను. ఏదీ, ప్రసాదం పెట్టవూ?"

చూశారా, మనుషులు పొగ చూస్తే చాలు, కింద ఏం ఉడుకుతోందో వాళ్ళే చెప్పేసుకుంటారు. ప్రభుదాసు "అదీ... అయిపోయిందండీ" అని నసిగాడు. లోపల నాకు ఊపిరాడటం లేదు. చెక్క మాడుతోంది. అల్మరా సందులోంచి పొగ సన్నగా బయటికి పాకింది.

"అయ్యో, ఏదో కాలుతోంది!" అని ఆవిడ లేవబోయింది.

ఆవిడకంటే ముందు కరుణ లేచింది. నడుం పట్టుకుని నడిచి, అల్మరా తలుపు బార్లా తీసి, నన్ను మసిగుడ్డతో దించి, గది మధ్యన పెట్టింది. మూత తీసింది.

"నోమూ లేదు, ఏమీ లేదు పిన్నిగారూ. మాంసం, దుంపలు. మా మామ్మ నేర్పిన వంట. మేం చర్చికెళ్తామండీ. ఆయన పేరు ప్రభుదాసు. ఇక దాచడం నా వల్ల కాదు."

ఆవిడ నన్ను చూసింది, చెక్క మీద నల్లటి గుండ్రటి మచ్చ చూసింది. కొంగుతో ముక్కు మూసుకోబోయి మానేసింది.

"చెయ్యి ఇలా తే," అంది చివరికి. "గాజులు వేద్దామని వచ్చాను. వేసే వెళ్తాను."

ఒక్కొక్కటే వేసింది. కరుణ చేతికి నా నూనె జిడ్డు ఉందేమో, సులువుగా ఎక్కాయి. ఆవిడ మాత్రం కరుణ మొహం చూడలేదు. పూలు చాప మీద పెట్టి, గుమ్మం దాటాక, అటు తిరిగే అంది: "నెలాఖరుకి ఖాళీ చెయ్యండమ్మా."

ఆ పూట నాలోది ఎవరూ ముట్టలేదు.

ఇప్పుడు మేముండేది రైల్వే గేటు పక్క రేకుల ఇంట్లో. వాన పడితే మాట వినబడదు. పక్కింట్లో చేపలమ్మే నూకాలు ఉంటుంది. ఏం తింటారని అడగలేదు, కుళాయి ఎన్నింటికొస్తుందో చెప్పింది. నన్ను కిటికీ పక్కన మేకుకి తగిలించారు. నాకు విడుదలైందనుకున్నాను. ఏదీ! ఆదివారం వచ్చేసరికి కరుణ లేచి కిటికీ మూసింది, ప్రభుదాసు సాంబ్రాణి వెతికాడు. ఎవరూ అడగని ఇంట్లో మూడు ఆదివారాలు అలాగే గడిచాయి.

నాలుగో ఆదివారం మాంసం నీరు ఇగిరింది. దుంపలు బోర్లా పరిచి, అలవాటుగా కరుణ కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది. విశాలాక్షమ్మగారి గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడుకి చెయ్యి ఆగింది. ఓ నిమిషం ఆ గాజుల్నే చూస్తూ నిలబడి, గట్టిగా ఏడ్చింది. ఏడ్చి, రెండు రెక్కలూ గోడకి కొట్టుకునేలా బార్లా తోసింది. నా పొగ తిన్నగా వీధిలోకి పోయింది. సువార్తమ్మ పొయ్యి దిగాక అంత దూరం నా వాసన పోవడం మళ్ళీ ఇప్పుడే.

కిటికీలో నూకాలు మొహం కనబడింది. "ఓలమ్మో, వేటమాంసమే! ఇన్నాళ్ళూ ఆదివారం పూట మీరు పస్తులుంటారేమో అనుకున్నానే, పాపం!"

"గిన్నె పట్రా పిన్నీ," అంది కరుణ, ముక్కు తుడుచుకుంటూ. "ఒక్క క్షణం ఆగు. దుంపలింకా అడుగు వదల్లేదు."