చిదంబరశాస్త్రిగారి మోటారు దీపములు

హేమంతర్తువున ఒకనాటి సాయంసమయమున బందరుపురమునకు పడమటిదిక్కున కుంకుమరాశి కుమ్మరించినట్లు ఆకాశమెల్ల నెఱుపెక్కి క్రమక్రమముగా కాషాయమై ధూమ్రమై నీలమై పోవుచుండెను. సముద్రమునుండి వీచు నుప్పుగాలి కిటికీయూచలను తలుపుగొళ్ళెములను త్రుప్పుపట్టించుచు వీథులవెంట తిరుగుచుండెను. గూళ్ళకు మరలు చిలుకలగుంపులు ఆ యెఱ్ఱని యాకసమునకడ్డముగా పచ్చపచ్చగా సాగిపోయెను. ఇంత వర్ణించితిమి గదా పాఠకమహాశయులారా! మన కథానాయకునకు మాత్రము ఇందులో నెఱుపును కానరాలేదు పచ్చయు కానరాలేదు. పుట్టినది మొదలు ఆయన కన్నులకు ఆ రెండును ఒక్క యెండుటాకురంగుననే యుండెడివి.

ఆయన పేరు తటవర్తి చిదంబరశాస్త్రి. ఉన్నతపాఠశాలలో తెలుగుపండితులుగా నుండి విశ్రాంతి గైకొన్నవారు. అరుణోదయశోభను పల్లవారుణిమను శుకపక్షహరితచ్ఛాయను బాలబాలికలకు కన్నులకు గట్టినట్లు బోధించి పేరొందినవారు. తాము వానిని చూచి యెఱుగరు. పుస్తకములలో నున్న యెఱుపునే చెప్పిరి పుస్తకములలో నున్న పచ్చనే చెప్పిరి. ఏమాట కామాటే చెప్పవలెను, చక్కని చూపుగలవారును ఆయనవలె చెప్పలేకపోయిరి. పెండ్లిమాట తలపెట్టక ఒంటికాయ సొంటికొమ్ముగా కాలము గడపిన ఆ పండితునకు ఈ లోపమును బయటపడనీయకుండుటయే జన్మమంతయు నొక తపస్సయ్యెను.

ఆ తపస్సుతోపాటు ఒక వ్యసనమును గలదు. అది యొక పాతకాలపు మోరిస్ మైనరు కారు. అగ్గిపెట్టెయంత బండి. యౌవనమున ప్రక్కయింటి పాండురంగారావుతో కలిసి కొన్నది. పాండురంగారావు విద్యుచ్ఛాఖలో ఉద్యోగి. వారిరువురును ఆదివారములందెల్ల దానిమీదపడి యినుపకప్పు కోసివేసి క్యాన్వాసుగుడ్డ కప్పిరి, వేఱొక బండి యింజను తెచ్చి యిందు బిగించిరి, రెండు దీపములుండవలసినచోట నాలుగు పెట్టిరి. దానిని చూచి నవ్వనివాడు బందరులో లేడు, ఒక్కసారియైన నెక్కి తిరుగవలెనని కోరనివాడును లేడు. ఇంజనుపని శాస్త్రిగారిది. తీగలపని పాండురంగారావుది. ఎఱ్ఱతీగ యందిమ్మనగా పచ్చతీగ యందిచ్చు స్నేహితుని చూచి యొకనాడు విషయము గ్రహించినవాడు లోకమున ఆ పాండురంగారావొక్కడే.

గ్రహించినవాడు నోరుమూసికొని యుండరాదా? శాస్త్రిగారి పదవీవిరమణసభలో నాలుగుమాటలు చెప్పుటకు లేచి పరమప్రేమతోనే "మా శాస్త్రి ఊరందరికీ సూర్యోదయం ఎర్రగా చూపించాడు, వాడికి మాత్రం పండు టమాటాకీ పచ్చి టమాటాకీ తేడా తెలియదండోయ్" అనెను. సభ గొల్లుమనెను. ప్రధానోపాధ్యాయుడు నవ్వెను, శిష్యులు నవ్విరి, పూలదండ పట్టుకొని నిలిచిన బంట్రోతును నవ్వెను. శాస్త్రిగారు దండ వేయించుకొని యింటికివచ్చి తలుపు మూసికొనిరి. మఱునాడు పాండురంగారావు గోడమీదుగా "ఒరే శాస్త్రీ!" అని పిలిచెను. పలుకలేదు. ఆ మఱునాడును పిలిచెను. పలుకలేదు. అట్లు కొన్నాళ్ళు పిలిచి పిలిచి అతడును మానుకొనెను. గుండెలెత్తు గోడకు ఇరుప్రక్కల ఇరువురు మిత్రులును ఏండ్లతరబడి యొకరిమాట యొకరు వినకయే బ్రతికిరి.

ఈలోపల పందికొక్కులు షెడ్డులో దూఱి మోటారు దీపముల తీగలన్నింటిని కొఱికివేసినవి. ఉప్పుగాలి బండియడుగును జల్లెడ చేసినది. అప్పుడు శాస్త్రిగారికి పంతము పుట్టెను. బండి మొత్తము విప్పి త్రుప్పు గీకి అతుకులు వేయించి రంగు పూసి క్యాన్వాసు స్వయముగా కుట్టి ఇంజనును ముక్కముక్కగా కడిగి మరల కూర్చిరి. ఒకనాటి మధ్యాహ్నము ఇంజను గుఱ్ఱున లేచినది. శాస్త్రిగారు సంతోషముతో "చూశావట్రా!" అని ప్రక్కకు తిరిగిరి. ప్రక్కన ఎవరును లేరు. ఆయన ఇంజను ఆపివేసి బండిమెట్టుమీద కూలబడిరి. ఆ పూట అన్నము సహించలేదు.

ఇక మిగిలినది తీగలపని యొక్కటియే. తీగలన్నియు కొని కట్టకట్టి టేపుచుట్టి సిద్ధముచేసిన పిదప కొసలలో ఏది ఎఱుపో ఏది పచ్చయో ఏది గోధుమవన్నెయో తెలియక తలపట్టుకొనిరి. ముందే ముడులు వేసికొనరాదా యని మీరడుగుదురేమో. వేసికొనిరి. ముడులు గొట్టములలో దూఱకపోగా విప్పివేసిరి. ఏ మెకానికునైనను అడుగరాదా? అడిగినచో వాడు నవ్వును. దారిన పోవువాని నడిగినను నవ్వును. సభలో విన్న నవ్వు చాలదని మరల కోరి తెచ్చుకొనుటయా? నవ్వించవలసినది అప్పుడే నవ్వించివేసినవాడు ఊరిలో నొక్కడే. వానిని అడిగినచో దీపములు వెలుగును, అభిమానము చచ్చును. అడుగకున్నచో అభిమానము నిలుచును, బండి షెడ్డులోనే యుండును. ఈ రెంటినడుమ వారములు గడచినవి. తుదకు మనము మొదట వర్ణించిన ఆ సాయంకాలమున శాస్త్రిగారు తీగలకట్ట చంకనబెట్టుకొని ప్రక్కయింటి గేటు తీసిరి.

పాండురంగారావు వరండాలో పడకకుర్చీలో రేడియో వినుచుండెను.

"ఎవరూ?"

"నేనే."

పాండురంగారావు దిగ్గునలేచెను. ఒడిలోని రేడియో నేలబడెను.

"శాస్త్రీ! నువ్వేనట్రా? రా, రా, కూర్చో. కాఫీ తాగుతావా? పాలున్నాయో లేదో... ఉంటాయిలే."

"కాఫీకి రాలేదు. ఈ తీగల రంగులు చెప్పి పుణ్యం కట్టుకో, వెళ్ళిపోతాను."

పాండురంగారావు మరల కుర్చీలో కూర్చుండి చేయి చాచి కట్టను ఒడిలో పెట్టుకొని ఒక్కొక్క కొసను వ్రేళ్ళతో నిమురుచు చెప్ప మొదలుపెట్టెను. "ఇది ఎరుపు. ఇది పచ్చ. ఇదీ పచ్చే. ఇది గోధుమరంగు." శాస్త్రిగారు ఎఱుపునకొక ముడియు పచ్చకు రెండు ముడులును దారముతో కట్టుకొనిరి. అన్నియు నయిన పిదప లేచిరి.

"వెలిగించేటప్పుడు నన్ను పిలుస్తావట్రా?" అని పాండురంగారావు చిన్నపిల్లవానివలె అడిగెను.

"పిలుస్తాన్లే."

ఇంటికివచ్చిన శాస్త్రిగారికి ఏదో బరువు దిగినట్లుండెను. నవ్వలేదు గదా వీడు! ఒక్క పరాచికమైనను ఆడలేదు గదా! మఱునాడంతయు ముడులు చూచుకొని తీగలు కలిపి బిగించిరి. ప్రొద్దుగ్రుంకిన పిదప గోడయొద్దకు పోయి పిలిచిరి. పాండురంగారావు గోడపై చేయి వేసికొని మెల్లమెల్లగా నడచివచ్చి బండికెదురుగా నిలిచెను. వయసు మీదపడినదని శాస్త్రిగారనుకొని జాలిపడిరి.

"ఊఁ, కానివ్వరా!"

శాస్త్రిగారు ఇష్టదేవతను తలచుకొని మీట లాగిరి. లోపల నెక్కడనో చిటుక్కుమన్నది. ఒక్క దీపమును వెలుగలేదు. అయ్యో యని నోరు తెఱచునంతలో పాండురంగారావు చప్పట్లుకొట్టి కేకవేసెను.

"ఆహా! ఏం వెలుగురా శాస్త్రీ! నాలుగుకి నాలుగూ! కళ్ళు చెదిరిపోతున్నాయి!"

శాస్త్రిగారికి అరికాలిమంట నెత్తికెక్కెను. మరల వేళాకోళమా! నోటికివచ్చిన నాలుగుమాటలు అనుటకు బండిదిగి ఎదురుగా పోయి నిలిచిపోయిరి. పాండురంగారావు లేని వెలుగునకు అరచేయి అడ్డము పెట్టుకొని యుండెను. అతని ముఖము బండివైపు లేదు, షెడ్డుప్రక్కనున్న దానిమ్మచెట్టువైపుండెను. ముఖమంతయు ఆనందమే. శాస్త్రిగారు అతని కన్నులయెదుట చేయి ఆడించి చూచిరి. రెప్పయైనను కదలలేదు.

"పాండూ, దీపాలు వెలగలేదురా."

అడ్డముపెట్టిన అరచేయి మెల్లగా దిగెను.

"ఒక్కటీనా?"

"ఒక్కటీ లేదు. కళ్ళెప్పుడు పోయాయిరా?"

"రెండేళ్ళు కావస్తోంది. నీటికాసులన్నారు. కనిపెట్టేసరికే ఆలస్యమైందన్నారు. ముందు పక్కల్నించి చీకటి కమ్ముకొచ్చింది, తర్వాత అంతా."

"మరి నిన్న ఆ రంగులన్నీ?"

"నోటికొచ్చినట్టు చెప్పాను." పాండురంగారావు తలవంచుకొనెను. "ఇన్నేళ్ళకి నా గుమ్మం తొక్కి ఒక్కటంటే ఒక్కటి అడిగావు. తెలియదని ఎట్లా పంపించనురా? పంపిస్తే మళ్ళీ వస్తావా?"

శాస్త్రిగారు "అప్పుడే ఒక్కమాట చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి గదరా" అనిరి.

"వచ్చేవాడివా?"

ఆ ప్రశ్నలో నిష్ఠురము లేదు. అతనికి నిజముగనే తెలిసికొనవలెనని యుండెను. వచ్చియుండనని శాస్త్రిగారికి తెలియును. ఆ చూపు దినదినము సన్నగిల్లుచున్న కాలమంతయు తాను గోడకీవల కోపమును కాపాడుకొనుచు కూర్చుంటినని తెలిసి ఆయన మనస్సు కుమిలిపోయెను.

ఆయన మిత్రుని చేయిపట్టుకొని గేటుదాటించి అతనియింటికి నడిపించుకొనిపోయిరి. వరండా చీకటిగా నుండెను. చూపులేనివాడొక్కడే కాపురముండుచోట దీపముతో పనియేమి? శాస్త్రిగారు గోడ తడిమి మీట నొక్కిరి.

"వెలిగిందా?" అని పాండురంగారావడిగెను.

"వెలిగిందిరా."

"నిజంగానే?"

"నిజంగానే."

పాండురంగారావు ప్రక్కనున్న ఖాళీకుర్చీని తడిమి పట్టుకొని పైపంచెతో దుమ్ము దులిపి శాస్త్రిగారివైపు జరిపెను. శాస్త్రిగారు కూర్చుండిరి.