టేకు అడవిలోంచి తెచ్చిన మనిషి

మతి చెడినవాడు చేసే తప్పులు దేవదూతలు రాసుకోరని చిన్నప్పుడు మసీదులో విన్నది రుమిని. ఆ మాటలో దయ ఉందనే నమ్మింది. కానీ అలాంటివాడు పస్తు ఉన్న పూట కూడా రాయకుండా వదిలేస్తారా, రాస్తే ఎవరి పేరు కింద రాస్తారు అన్న అనుమానం ఏళ్ళ తరబడి ఆమెను వదల్లేదు. మతగురువును అడగడానికి నోరు రాలేదు. నీకెందుకమ్మా అవన్నీ, నమాజు చేసుకో అంటాడని జంకు.

ఊళ్ళో ఆమె ఆరోగ్య కార్యకర్త. జీతం లేదు, అప్పుడప్పుడు ఒక చొక్కా ఇస్తారు. పసిపిల్లల్ని తూచడం, ముసలివాళ్ళకు బీపీ చూడటం పని. కస్దును చూసుకోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అతను ఒకప్పుడు తాపీపని చేసేవాడు. మతి చెడ్డాక అన్న ఇంటివాళ్ళు పెరట్లో కొయ్యకు కాళ్ళు బిగించి ఉంచారు. ఆ అన్న చనిపోయాక విప్పి వదిలేశారు. అప్పటి నుంచి సంత అరుగులే ఇల్లు. రుమిని వెంటపడి, టీ పోసి, గోళ్ళు తీసి, మాట కలిపి ఎట్టకేలకు ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళగలిగింది. నెలకో సూది. సూది పడుతున్నన్నాళ్ళూ కస్దు తిట్టడం మానేశాడు. ఒకసారి ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

ఆగస్టులో ఊరి శుభ్రత చూడటానికి పై అధికారులు వస్తున్నారన్నారు. కాలువ గోడలకు సున్నం వేశారు. సంతలో పడుకునేవాళ్ళను, కస్దుతో సహా, లారీ ఎక్కించి, జిల్లా పొలిమేర దాటించి, టేకు అడవి రోడ్డు పక్కన దింపి వచ్చారు. ఇది కొత్త సంగతి కాదు. తమ ఊరికి అధికారులొస్తే అవతలి జిల్లావాళ్ళూ ఇంతే, వాళ్ళ పిచ్చివాళ్ళను ఇటు దింపి పోతారు. అడవికి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళూ అలా మనుషుల్ని మార్చుకుంటూనే ఉన్నాయి.

సూది గడువు దగ్గర పడింది. అది తప్పితే అంతా మళ్ళీ మొదటికి వస్తుందని రుమినికి తెలుసు. మొగుడి బండి మీద అడవి రోడ్డంతా తిరిగింది. ఆకు రాల్చిన టేకు చెట్లు తప్ప మనిషి జాడ లేదు. ఊరి పెద్దను అడిగితే "చూద్దాం" అన్నాడు.

గురువారం ఆడవాళ్ళంతా ఒకచోట చేరి పోయినవాళ్ళ కోసం ఖురాను చదువుతారు. ఈసారి ఎవరి కోసం దువా చెయ్యాలని అడిగినప్పుడు, "కస్దు కోసం" అంది రుమిని.

"అయ్యో, పోయాడా?" అంది పక్కావిడ.

"పోయాడో ఉన్నాడో లారీలో వెళ్ళినవాళ్ళకు తెలియాలి."

ఆ లారీలో వెళ్ళింది సంత కాపలాదారు గునాది. అతని తల్లి అక్కడే కూర్చుని ఉంది. ఆవిడ దువా అయ్యేదాకా తల ఎత్తలేదు.

ఆదివారం పొద్దున గునాది లారీ సంత ముందు ఆగింది. దారిలోనే గుండు గీయించి, నీళ్ళు పోయించి, తన పాత లుంగీ కట్టించిన మనిషిని చెయ్యి పట్టుకుని దింపాడు.

"ఇదిగో ఇబు," అన్నాడు గునాది, అమ్మా అన్నట్టు. "మీవాడు. మా అమ్మ నాకు అన్నం పెట్టడం మానేసింది. ఇకనైనా ఆవిడకు మీరో మాట చెప్పండి."

జనం మూగారు. "గుండు గీస్తే కస్దు పెళ్ళికొడుకులా ఉన్నాడే" అన్నాడు చేపలవాడు. "చిక్కిపోయాడు పాపం" అంది కూరలామె.

రుమిని ఆ మనిషి చెయ్యి అందుకుంది. కస్దు ఎడమ బొటనవేలికి గోరు లేదు. ఇటుక పడి ఊడిపోయింది. ఈ చేతికి గోళ్ళన్నీ ఉన్నాయి.

"నీ పేరేంటి నాయనా?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. "పడవలొచ్చాయా?" అన్నాడు. సముద్రం అక్కడికి ఒక రోజు ప్రయాణం.

రుమిని గునాదిని పక్కకు పిలిచింది. "మాస్," అంది, మర్యాదకు అన్నా అన్నట్టు. "ఇతను కస్దు కాదు."

"అడవి దాటాక రోడ్డు పక్కన ముగ్గురున్నారు ఇబు. ఒకడు రాళ్ళు విసిరాడు. ఒకడు ముసుగు తన్ని పడుకుని ఎంత పిలిచినా లేవలేదు. ఇతనే పిలిస్తే వచ్చాడు."

"ఆ పడుకున్నవాడి చెయ్యి చూశావా?"

"నేనెందుకు చూస్తాను?"

"మళ్ళీ వెళ్దాం. నేనూ వస్తాను."

"ఎవరి కోసం? నేను వచ్చేటప్పుడే అటువైపు వాళ్ళ లారీ ఎదురొచ్చింది. ఊడ్చుకుపోయి ఉంటారు. ఎక్కడ దింపుతారో వాళ్ళకే తెలీదు." గునాది గొంతు తగ్గించాడు. "సంతంతా ఇతనే కస్దు అంటోంది. మీరు కాదంటే ఇప్పుడే ఎక్కించుకుపోతా. పై ఊరివాణ్ణి ఇక్కడ ఉంచితే నా ఉద్యోగం పోతుంది. అవునంటే, కస్దు దొరికాడు, గొడవ వదిలింది. ఏదో ఒకటి చెప్పండి."

అవునంటే కస్దు దొరికినట్టే. ఇక అసలు కస్దు గురించి ఎవరి గుమ్మం ఎక్కినా, దొరికాడుగా అంటారు. రుమిని లారీ వైపు చూసింది. ఆ మనిషి నీడలో గొంతుక్కూర్చుని లుంగీ అంచు నలుపుకుంటున్నాడు. లారీ మళ్ళీ ఎక్కమంటే మాట్లాడకుండా ఎక్కేలా ఉన్నాడు.

"అవును" అంది. "కస్దే."

గునాది నిట్టూర్చి అన్నం తినడానికి ఇంటికి పోయాడు.

జనం చెదిరారు. కాఫీ కొట్టు లసీయెమ్ అవ్వ పళ్ళెం పట్టుకుని మెల్లగా వచ్చింది. అన్నం మీద కొబ్బరిపాల కోడికూర, పెద్ద ముక్క. పళ్ళెం ఆ మనిషి ముందు పెట్టి, తనూ నేల మీద కూర్చుంది.

"ఒరే కస్దూ, గాలివానకు నా కొట్టు పెంకులు లేచిపోతే ఎక్కి సర్దింది నువ్వే. కూలి వద్దవ్వా, ఉపవాసాలయ్యాక లెబారన్ పండక్కి కోడికూర పెట్టు చాలు అన్నావు. పండగ వచ్చేసరికి నీకిట్లా అయింది. నీకేం గుర్తుంటుందిలే అనుకున్నా. అన్నేళ్ళూ నా కళ్ళ ముందే తిరిగావు, చల్లారిన కాఫీ పోశానే గాని కూర పెట్టలేదు. నిన్ను లారీ ఎక్కించిన రోజు నాకు ముద్ద దిగలేదురా. తిను."

రుమిని నిజం చెప్పబోయింది. అవ్వ పళ్ళాన్ని అతని దగ్గరికి ఇంకాస్త జరిపింది. రుమిని ఆమె పక్కనే కూర్చుంది.

అతను వేళ్ళతో అన్నం కలుపుకుని, తల వంచి, గబగబా తిన్నాడు. ఎముక కొరికి లోపలిది పీల్చాడు. పళ్ళెం తుడిచినట్టు ఖాళీ అయింది.

"ఇంక నీకు నేను బాకీ లేను కదరా?" అంది అవ్వ.

ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే అతను తలూపాడు.