నిలబెట్టిన సీసా

కత్తిరించిన చోట తీగ నీళ్లు కారుస్తుంది.

ఒక్కో చుక్క. ఆగి ఆగి. కొనన నిలిచి, బరువెక్కి… మట్టిలో రాలుతుంది.

ఎండాకాలం కత్తిరింపు నాడు అంజిలయ్య ఆ చుక్కను చూపుడువేలి మీద అందుకున్నాడు. ద్రాక్ష పందిరి కింద పుల్లలు ఏరుతున్న పెళ్లాన్ని పిలిచాడు.

"నాలిక మీద ఏస్కో. ఎట్లున్నది?"

ఎంకమ్మ వేసుకుంది. ఏమీ లేదు. చల్లగా ఉంది, అంతే. రంగు లేదు, రుచి లేదు. కానీ అతను ఊపిరి బిగబట్టి ఆమె మొహంలోకే చూస్తున్నాడు. పెళ్లయి అప్పటికి రెండేళ్లు. ఆ చూపును కాదనడం ఆమె వల్ల కాలేదు.

"అవు… ఉన్నది," అంది.

"బాయి రాయి," అన్నాడు సంబరంగా. "బాయి కాడి వరుసకే ఉంటది గా రుచి. కడమ వరుసలకు రాదు."

ఆమె తల ఊపింది. అది ఆమె అతనికి చెప్పిన మొదటి అబద్ధం. చిన్నది. ఎవరికీ నష్టం లేనిది. అందుకే మరిచిపోయింది కూడా.

తోట జనార్దన్ పటేల్‌ది. చేవెళ్ల రోడ్డుకు లోపలగా, ఆలూరు పొలిమేరలో ఆరెకరాలు. తోట జనార్దన్‌దైనా దాని నాలుక అంజిలయ్యదని ఊళ్లో అనేవాళ్లు. కళ్లకు గుడ్డ కట్టి ఒక్క పండు నోట్లో పెడితే చాలు, అది ఏ వరుసదో చెప్పేవాడు. ఎండ పక్కదా, నీడ పక్కదా చెప్పేవాడు. చెప్పి, గర్వం దాచుకోలేక, నోట్లోకి ఇంత తంబాకు వేసుకునేవాడు.

ఆ తంబాకు… ఆమె ఎన్నిసార్లు పారేసిందో. అతను ఎన్నిసార్లు తెచ్చుకున్నాడో.

జనార్దన్ రెండుసార్లు సర్పంచికి నిలబడి రెండుసార్లూ ఓడిపోయిన మనిషి. ఓడినా పళ్లు కనిపించేలా నవ్వుతాడు. ద్రాక్ష రైతుల బృందంతో ఒకసారి ఇటలీ పోయి వచ్చాడు. అక్కడి కొండ మట్టి అంటిన బూట్లతో, బట్టల మడతల్లో చుట్టిన నాలుగు సీసాలతో దిగాడు. ఎర్ర వైను. ఎవరో ముసలి రైతు ఇచ్చాడట. ఇప్పుడే తాగకు, దాచు, అన్నాడట.

దాచడం జనార్దన్‌కు చేతకాదు. ఆ వారంలోనే బావి దగ్గర మంచం వాల్చి ఒకటి తెరిచాడు. రెండు స్టీలు గ్లాసులు. జనార్దన్ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు — తుమ్మ చెక్క నమిలినంత వగరు.

అంజిలయ్య మాత్రం కళ్లు మూసుకున్నాడు.

చాలాసేపు మూసుకున్నాడు.

"పటేలా, ఇది ఊరంత పండ్లు కలిపి చేసింది కాదు. ఒక్క చెలకది. ఒక్కటే."

జనార్దన్ నోరు తెరిచాడు. సీసా మీదున్న పేరు ఊరిది కాదు, మనిషిది కాదు, ఆ చెలకదే. అక్కడ పొలాలకు అలా పేర్లుంటాయట. ఆ ఒక్క చెలక పండు తప్ప వేరే పండు అందులో పడదట. ఆ సంగతి అక్కడ జనార్దన్‌కు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అంజిలయ్యకు ఒక్క గుక్క పట్టింది.

"ఇంక పండలే," అన్నాడు అంజిలయ్య. "పండనియ్యాలె."

మిగిలిన మూడు సీసాలు బావిలోకి దిగాయి. మెట్లు దిగితే సగం లోతులో రాతి గూడు ఉంది. నీళ్లున్న రోజుల్లో మోటరు కూర్చున్న గూడు. నీళ్లు కిందికి పోయాయి, మోటరు ఎటో పోయింది. ఆ గూట్లో అంజిలయ్య వరిగడ్డి పరిచి సీసాలను పడుకోబెట్టాడు. ఎందుకు పడుకోబెట్టాలో జనార్దన్ అంజిలయ్యకు చెప్పాడు. ఎంకమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమె గ్లాసులు కడుగుతోంది. గ్లాసులు కడిగేవాళ్లకు ఇలాంటివి చెప్పాలని ఎవరికి తోస్తుంది!

తర్వాత బోర్లు ఎండాయి. ఒకటి, ఇంకొకటి, ఏడోది.

పందిరి కూల్చిన రోజు అంజిలయ్య అన్నం తినలేదు. జేసీబీ వేళ్లను పెకిలిస్తుంటే బావి వరుస ముందు నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనకముందే తనే పక్కకు తప్పుకున్నాడు. ఇప్పుడక్కడ పెళ్లిళ్లు చేసే పచ్చిక ఉంది. జనార్దన్ అమ్మేయగా మిగిలింది బావి, దాని పక్క గది, చుట్టూ అరెకరం. ఆ గదిలో కాపలాకు ఈ ఇద్దరు. వాళ్లకు పిల్లలు లేరు. తోట ఉండేది.

తోట పోయిన ఏడాది రెండో సీసా తెరిచారు.

"మెత్తవడ్డది," అని ఆ రాత్రి పడుకున్నాక చెప్పాడు ఆమెకు. "ముందుగాల గులాబి వస్తది. మొయినాబాద్ తొవ్వల పూలతోటల కాడ పొద్దుగాల్ల వస్తది చూడు, గట్ల. ఎన్క కొత్తగ తారు పోసిన రోడ్డు. దాని ఎన్క… రాయి. మన బాయి రాయే అనుకో."

ఎక్కడి ఇటలీ, ఎక్కడి ఆలూరు. ఆమెకు నవ్వొచ్చింది. కానీ అతని గొంతు వణుకుతోంది. అందుకని నవ్వలేదు.

ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో. గులాబీ, తారు, రాయి. బియ్యం ఏరుతున్నా చెప్పేవాడు. బస్సులో చెప్పేవాడు. ఆమెకు కంఠతా వచ్చింది. ఒక్క చుక్క తాగకుండానే.

మూడో సీసా తెరిచిన రోజు అంజిలయ్య గుక్క తీసుకుని ఎడమ చెంప పట్టుకున్నాడు. మంట. వైను మంచిదే. ఎన్నడూ లేనంత మంచిదని జనార్దన్ ఎగిరి గంతేశాడు. మంట మాత్రం తగ్గలేదు. ఎంకమ్మ అతని దవడ పట్టి, నోరు తెరిపించి, ఫోన్ లైటు వేసి చూసింది.

తెల్లటి మచ్చ. గోరంత.

పట్నం దవాఖానలో క్యాన్సర్ అన్నారు, ముప్పై మూడుసార్లు కరెంటు — రేడియేషన్ — పెట్టారు. మెడ నల్లబడింది. గొంతు బొంగురుపోయింది. ఒకరోజు ఉప్మా నోట్లో పెట్టుకుని, తిప్పి తిప్పి, ఆమె వైపు చూశాడు.

"ఉప్పేసిండ్రా?"

ఉప్పు ఉంది. కారమూ ఉంది. నాలుక లేదు. రుచి వస్తుందిలే, ఏడాది పట్టొచ్చు, అన్నాడు డాక్టరు. అంజిలయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒకటే మాట అడిగాడు — "ఆఖరు సీసా భద్రమేనా?"

అది చూసి రావడానికే దసరా నాడు ఆమె ఊరికి వచ్చింది. ఒక్క పూట. అతని కత్తెరను కడిగి బొట్టు పెట్టింది. తర్వాత బావిలోకి దిగింది.

గూట్లో ఎండుగడ్డి మీద సీసా పడుకుని ఉంది.

ఒక్కటే. దుమ్ము కప్పుకుని. కదలకుండా.

దవాఖానలో అందరూ పడుకునే ఉన్నారు. ఈ మంచం మీద ఒకరు, ఆ మంచం మీద ఒకరు, వరండాలో చాపల మీద ఇంకొందరు. లేచి నడిచేవాడిని చూసి ఎన్ని రోజులైందో. ఇక్కడ ఇది కూడానా?

కొంగుతో దుమ్ము తుడిచింది. సీసా భుజానికి పసుపు రాసి, కుంకుమ పెట్టింది. లేపి నిలబెట్టింది. ఒరగకుండా ఇటో రాయి, అటో రాయి పెట్టింది.

"లే," అంది. "నువ్వు లేస్తే ఆయన లేస్తడు."

అతను లేచాడు. నెల తిరక్కుండా ఇంటికి నడిచి వచ్చాడు. అదంతా డాక్టర్ల పనితనమేనని ఆమె ఒప్పుకోలేదు. మరుసటి దసరాకు మళ్లీ దిగి కొత్త బొట్టు పెట్టింది. సీసా నిలబడే ఉంది. రెండు ఎండాకాలాలు… నీళ్లు లేని బావిలో, వేడి రాళ్ల మధ్య నిలబడే ఉంది.

నాలుకకు రుచి రాలేదు. జబ్బు వచ్చింది. మళ్లీ.

ఈసారి కరెంటు వద్దన్నారు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం ఎంకమ్మకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంజిలయ్య ఏదీ అడగలేదు. ఒక్కటే. "ఆ సీసా తెరుద్దం. కరెంటుకు చచ్చిన నాలికనే గని… దాని రుచన్న తెలుస్తదేమో. ఒక్కసారి తెలిస్తే చాలు."

జనార్దన్ సాయంత్రం వచ్చాడు. ఎంకమ్మ బావిలోకి దిగి, సీసాను రెండు చేతుల్లో పైకి తెచ్చింది. జనార్దన్ అందుకోబోయి ఆగాడు. భుజం మీద కుంకుమ, ఒకదాని మీద ఒకటి, ఎండి పెచ్చులు కట్టిన కుంకుమ.

"నిలబెట్టినవా?" అన్నాడు, మంచం దాకా వినబడకుండా.

"అవు పటేలా. రెండేండ్లు దాటె. ఏమన్న అయితదా?"

"పండవెడితే బిరడా తడిగుంటది. నిలబెడితే ఎండుతది. ఎండితే లోపలికి గాలి…" ఆమె మొహం చూసి ఆపేశాడు. "ఏం కాదులే."

అబద్ధం చెప్పడం రాకనే కదా రెండుసార్లు ఓడిపోయాడు. ఎంకమ్మకు తెలిసిపోయింది. సీసాలు బావిలోకి దిగి పదకొండేళ్లు. పదకొండేళ్లలో ఒక్కరు, ఒక్క మాట చెప్పలేదు! ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. వాళ్ల మీదా, తన చేతుల మీదా. ఈ చేతులతోనే కదా, బతికించుకోవాలని…

బిరడా పొడిపొడిగా రాలింది. జనార్దన్ మూతి దగ్గర ముక్కు పెట్టాడు. తల ఎత్తలేదు.

గోడ అవతల పచ్చిక మీద ఎవరి పెళ్లికో కుర్చీలు వేస్తున్నారు. ఇనుప కాళ్ల చప్పుడు.

"ముందు నువ్వు," అని అంజిలయ్య ఆమె వైపు గ్లాసు చూపించాడు. బొంగురుగా. "నువ్వు చెప్పు. ఎన్నడు తాగకపోతివి."

ఆమె తాగింది.

సిర్కా.

మంచం పక్కన నిలబడి, గొంతు కోసుకుపోతుంటే మింగింది. ఇన్నేళ్ల నుంచి విన్న గులాబీ లేదు. తారు లేదు. పులుపు… వెనిగర్ లాంటి ఉత్త పులుపు. ఒక చెలక, ఒక కొండ, ఎవరో ముసలాయన అపురూపంగా ఇచ్చిన సీసా, అంతా తన చేతి మీదుగా సిర్కా అయిపోయింది.

అంజిలయ్య ఊపిరి బిగబట్టి ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

అవే కళ్లు. ఆనాడు పందిరి కింద చూసిన కళ్లు. మొహం మారింది, మెడ మారింది, కళ్లు మారలేదు.

"ముందుగాల… గులాబి," అంది ఎంకమ్మ. "మొయినాబాద్ తొవ్వల, పొద్దుగాల్ల వచ్చేది."

"ఆఁ."

"ఎన్క కొత్త తారు. వగరుంటది గని… మెత్తగున్నది. మస్తు మెత్తగున్నది."

"ఎన్క?"

జనార్దన్ అటు తిరిగి నిలబడ్డాడు, గోడలో ఏదో చూడాల్సింది ఉన్నట్టు.

"బాయి రాయి," అంది.

అంజిలయ్య నోరు కొంచెం తెరిచాడు. మింగలేడు. ఆమె చూపుడువేలు గ్లాసులో ముంచి, ఒక్క చుక్క, అతని నాలుక మీద పెట్టింది.

అతను కళ్లు మూసుకున్నాడు.

చాలాసేపు మూసుకున్నాడు. కనుకొలుకుల్లో తడి ఊరింది. పుండు మీద మంటకో, మరి దేనికో. ఆమెకు తెలియలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. అయినా అడిగింది.

"ఎట్లున్నది?"

కళ్లు తెరిచాడు. ఆమెను చూశాడు. ఆమె కొంగుకు అంటిన కుంకుమను చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు.

"అవు…" అన్నాడు. "ఉన్నది."

ఆ రెండు మాటలు ఎక్కడ విన్నదో ఎంకమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆనాటి ఎండ, ఏరిన పుల్లలు, తన నోటి నుంచి తేలిగ్గా జారిన అబద్ధం. అది అతనికి ఆనాడే తెలుసా? తెలిసే ఇన్నేళ్లు… లేక ఇప్పుడు నిజంగానే నాలుకకు ఏమైనా తగిలిందా?

ఆమె అతని చేయి పట్టుకుంది. అతను ఇంకో చుక్క కావాలన్నట్టు సీసా వైపు కళ్లు తిప్పాడు.

జనార్దన్ సీసా వంచాడు. మూతి కొనన ఎర్రటి చుక్క నిలిచింది.

ఆగి… బరువెక్కుతూ…

ఎంకమ్మ వేలు చాపింది.