వాన చినుకు వేగం

“ఇటివ్వు షైనీ, ఐదు నిమిషాల పని,” అంటూ మా ఆయన నవీన్ లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. నేను గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తూ నా గ్రాఫ్ వైపు చూస్తున్నాను. కిందికి పడే వాన చినుకు వేగం మొదట పెరగాలి. గాలి నిరోధం దాని బరువుతో సమానమయ్యాక ఇక పెరగకూడదు. నా ప్రోగ్రాంలో మాత్రం పెరుగుతూనే పోతోంది. తప్పెక్కడుందో చూపించమన్నాను, అంతే. నవీన్ ఇంటి నుంచే హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తాడు. అతనికి ఇదొక లెక్క కాదు. నేను రాసిందంతా తీసేసి తన పద్ధతిలో మళ్లీ రాశాడు. గీత పైకి వెళ్లి, వంగి, బుద్ధిగా నిలబడింది. “అయిపోయింది. ఇక కూర సంగతి చూడు,” అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

మా ఇంట్లో సాయం ఇలాగే వస్తుంది. స్కూటీ నేర్పమంటే రెండుసార్లు వెనక కూర్చుని, “ఎందుకులే, నేనే దింపుతా” అన్నాడు. తిరువూరులో నేను పాఠాలు చెప్పే స్కూలుకి ఇప్పటికీ అతని వెనకే కూర్చుని వెళ్తాను. చర్చి బయట మా అత్తయ్య జోజమ్మ అందరితోనూ, “మావాడు కోడల్ని ఎమ్మెస్సీ చదివిస్తున్నాడు” అంటుంది. అందులో చదివే మనిషి ఎవరో వినేవాళ్లూ అడగరు. గిన్నెలు కడిగాక పుస్తకం తీస్తే, “ఇంకా ఏం చదువమ్మా, కాసేపు నడుం వాల్చు” అని జాలిపడేదీ ఆవిడే.

ప్రాజెక్టు చూపించడానికి విజయవాడ వెళ్లాను. నా ప్రాజెక్టు గైడు సరోజినీదేవి మేడం గ్రాఫ్ చూసి తలూపారు.

“బావుంది. చినుకు సైజు రెట్టింపు చేసి చూపించు.”

ప్రోగ్రాంలో ఆ విలువ ఎక్కడుందో నాకు దొరకలేదు. పైకీ కిందికీ జరిపాను. పరాయి వాళ్ల వంటింట్లో ఉప్పు డబ్బా వెతుకుతున్నట్టుంది.

“ఎవరు రాసిచ్చారు?”

“మా ఆయన, మేడం.”

“అయితే ఆయన పాసైనట్టే.” ఆవిడ గొంతులో కోపం లేదు. “వచ్చే వారం రా. పనిచేయకపోయినా పర్లేదు, నువ్వు రాసింది తీసుకురా. ఎక్కడ ఆగిపోయావో అక్కడి నుంచి చూద్దాం.”

బస్సులో ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. మైలవరం దాటేదాకా చినుకు వేగం సమీకరణాన్నే మనసులో తిరగేస్తూ కూర్చున్నాను.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే నవీన్ రాసిన ప్రోగ్రాం తీసేసి, మొదటి వరస నుంచి మొదలుపెట్టాను.

“పనిచేసేదాన్ని తీసేశావా? పిచ్చా నీకు? జరుగు, మళ్లీ చేసిస్తా.”

“వద్దు. నేను అడిగింది మాత్రం చెప్పండి.”

కాసేపు కూర్చున్నాడు. రెండో ప్రశ్నకే అతని చెయ్యి కీబోర్డు మీదికి వచ్చింది. దాన్ని పట్టుకుని మెల్లగా పక్కన పెట్టాను.

“ఇట్టాగైతే సాయంత్రం అవుద్ది,” అన్నాడు.

“అవనివ్వండి.”

వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య, “పన్నెండు దాటింది షైనీ. కూర ఎవరు వండుతారు?” అంది.

“ఈపూట మీ అబ్బాయి వండుతారు అత్తయ్యా.”

నవీన్ లేచి లోపలికి వెళ్లాడు. డబ్బాల మూతల చప్పుడు వినబడింది. నేను రాసింది వరస తర్వాత వరస చదువుకుంటూ పోయాను. గాలి చినుకును పైకి నెడుతుంది. నేను మాత్రం దాని బలాన్ని బరువుకు కలిపాను. తీసివేయాల్సింది. గుర్తు మార్చి నడిపితే గీత వంగి, నిలకడగా సాగింది. చినుకు సైజు రెట్టింపు చేసి చూశాను. గీత ఇంకొంచెం పైకి వెళ్లి నిలబడింది.

“షైనీ, ఒకసారి రా. తాలింపు మాడిపోతోంది.”

లేచి వెళ్లి గరిటె అందుకుంటే రెండు నిమిషాల పని. నేను కుర్చీలోంచి కదల్లేదు.

“మంట తగ్గించండి,” అన్నాను. “తర్వాత ఏం చెయ్యాలో చెప్తాను.”