ఎవరూ నోరెత్తని ఆదివారం

మా ఆర్డెల్ పిన్ని న్యూయార్కులో పందొమ్మిదేళ్లు ఉంది. మొదట్లో ఇతరుల ఇళ్లలో బట్టలు ఇస్త్రీ చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా రాసుకుంటూ, చివరికి మూడు పుస్తకాలు అచ్చులో చూసుకుంది. పత్రికలు మెచ్చుకున్నాయి. పెద్ద పెద్ద హాళ్లలో పిలిచి చదివించారు.

ఏటా ఆడవాళ్లే ఆరాధన నడిపే స్త్రీల ఆదివారం నాడు మా చర్చిలో చదవమని మా వాళ్లు ఉత్తరం రాస్తే, రైల్లో రెండు రోజులు ప్రయాణం చేసి జార్జియా వచ్చింది.

ఆ పొద్దున నేను ఆమె జడ వేస్తుంటే అంది: "అక్కడ చదువుతుంటే బొమ్మల్లా కూర్చుంటారే. అయిపోయాక చప్పట్లు కొడతారు. మధ్యలో ఒక్కరు కూడా 'అవునమ్మా' అనరు. ఆ ఒక్క మాట కోసమే వచ్చాను."

నా చేతులు ఆగిపోయాయి. పాస్టరుగారి భార్య, మా పాస్టరమ్మ, వారం నుంచీ ఇంటింటికీ తిరిగి ఏం చెప్పిందో నాకు తెలుసు. "న్యూయార్కులో పుస్తకం చదివేటప్పుడు నోరెత్తరట. మనల్ని చూసి పల్లెటూరి గుంపు అనుకోకూడదు. ముఖ్యంగా నువ్వు, టెంపీ అవ్వా! నీ నోటికి తాళం వేసుకో."

"నా నోరు మూయించాలంటే నన్ను పూడ్చిపెట్టాలి" అంది, ప్రసంగంలో అందరికన్నా ముందు మాట కలిపే టెంపీ అవ్వ. అయినా ఒప్పుకుంది.

ఆ సంగతి పిన్నికి చెబుదామనుకున్నాను. ఇంతలో పాస్టరమ్మే గుమ్మంలోకి వచ్చి పిన్నిని వెంటబెట్టుకుని వెళ్లింది. నాకు పదిమందిలో గొంతు పెగలదు. వాళ్ల వెనకే నడిచాను.

పిన్ని చదవడం మొదలుపెట్టింది. కాలం చేసిన మా అమ్మమ్మ తనను మొదటిసారి పట్నం బడిలో దింపిన రోజు గురించి రాసిన భాగం అది. పదకొండు మైళ్లు నడిచారు. ఒక్కో వాక్యం చివర పిన్ని కొంచెం ఆగేది, పాస్టరుగారు ప్రసంగంలో ఆగినట్టే. మా వాళ్లు ఎప్పుడూ మాట కలిపేది అక్కడే. ఎవరూ కలపలేదు. కాగితపు విసనకర్రలు మాత్రం ఊగుతున్నాయి. అందరూ వీపులు నిటారుగా పెట్టి ఎంతో మర్యాదగా కూర్చున్నారు.

పిన్ని గొంతు సన్నబడింది. ఆగడం మానేసి గబగబా చదివేస్తోంది. నా పక్కన మా అమ్మ పెదవి కొరుక్కుంటోంది.

"అమ్మ నన్ను గేటు లోపలికి తోసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది."

"అబద్ధం!"

టెంపీ అవ్వ లేచి నిలబడింది. పాస్టరమ్మ ఆమె గౌను పట్టుకుని లాగింది. "వదులు పిల్లా! వారం నుంచి మూసుకున్నా, ఇక నావల్ల కాదు. ఆర్డెల్, తప్పు రాశావమ్మా. ఆవేళ నేనూ పట్నంలోనే ఉన్నా. మీ అమ్మ ఎక్కడికీ వెళ్లలేదు. బడి ఎదుట దూది మిల్లు చాటున కూర్చుంది, సాయంత్రం గంట కొట్టేదాకా."

"అవును" అంది వెనక నుంచి ఎవరో.

"ఇంటికి పోదాం రావే అంటే, ఇక్కణ్ణుంచి బడి కిటికీ కనిపిస్తోంది అంది."

"అయ్యో, ప్రభువా!"

"నువ్వు చూస్తే ఏడ్చి వెంటపడతావని దాక్కుందే పిచ్చిది!"

ఇక చర్చి ఆగలేదు. ఆమేన్లు, అరుపులు, ఎవరిదో వెక్కి వెక్కి ఏడుపు. పాస్టరమ్మ కూడా కళ్లు తుడుచుకుంటోంది.

పిన్ని మాత్రం అవేవీ విన్నట్టు లేదు. పుస్తకం అక్కడే వదిలి కిందికి దిగింది. టెంపీ అవ్వ కాళ్ల దగ్గర నేలమీద కూర్చుంది.

"అవ్వా, ఏ బట్టలు కట్టుకుంది? ఏమైనా తిన్నదా?"

"గుర్తు లేదమ్మా. ముప్పై ఏళ్లయింది కదా."

"ఎండలోనే కూర్చుందా?"

"గుర్తు లేదు తల్లీ."

బయట చెట్ల కింద బల్లల మీద కోడి వేపుడు చల్లారిపోతోంది. అందరూ ఒక్కొక్కరే లేచి వెళ్లారు. అవ్వ గుర్తు లేదన్న ప్రతిసారీ పిన్ని ఇంకొకటి అడుగుతూనే ఉంది.