పదికి నాలుగు

నాలుగంట, పదికి నాలుగు, ఎవరి మోకాలికి ఎవరు వేసిన మార్కులో, భీమమ్మకు ఒళ్ళు మండిపోతోంది, పొద్దున చీటీ రాసే నర్సు నొప్పి ఎంతుంటది పెద్దమ్మా, సున్నా అంటే లేనట్టు, పది అంటే ఓర్చుకోలేనట్టు అని అడిగింది, అడిగింది తననే, తను నోరు తెరిచేలోపలే కొడుకు నిరంజన్ మా అమ్మ గట్టి మనిషి మేడం, నాలుగు రాసుకోండ్రి అనేశాడు, డిగ్రీ చదివినవాడు, తల్లి ఆధార్ నంబరు చూడకుండా చెప్పేవాడు, మోకాలి నంబరూ వాడే చెప్పేశాడు, తర్వాత డాక్టరు మోకాలి చుట్టూ మూడుచోట్ల మత్తుసూదులు వేసి, ఇది పరీక్షే పెద్దమ్మా, దీంతో సగం నొప్పన్నా తగ్గితేనే నరాలను సూదితో వేడిచేసే వైద్యం నీకు పనికొస్తది, కోత లేదు, కుట్లు లేవు, అరిగిన కీలు కొత్తదైతే కాదు గానీ ఆరు నెలలో ఏడాదో నొప్పి తగ్గి ఉంటది, ఇప్పుడు బయటికి పోయి ఏ పని చేస్తే నొప్పి లేస్తదో ఆ పనే చేసి చూడు అన్నాడు.

ఆ పనే, ఇంకేం పని, వడ్డేపల్లిలో వేరుశనగ చేను, కలుపు, భీమమ్మ కొంగు బిగించి వనపర్తి దవాఖాన వరండాలో గొంతుకూర్చుంది, కూర్చుంది, మడమలు రెండూ నేలకానాయి, నాలుగేళ్ళయింది ఇట్లా కూర్చుని, బండల మీద లేని గడ్డి పీకుతూ సాలు వెంట జరిగినట్టే జరిగింది, బెంచీ మీద మోకాళ్ళు చాపుకున్న పుష్పమ్మ అనే ఆమె ఏం పోగొట్టుకున్నవక్కా అని నవ్వితే, పోయింది దొరికింది చెల్లె అంది, నిరంజన్ మాత్రం లే అమ్మా, అందరు చూస్తుండ్రు అన్నాడు, చూడనీ, డాక్టరే చెయ్యమన్నడు, నీకేమైతదిరా.

నొప్పి పూర్తిగా పోలేదు, అబద్ధమెందుకు, మూడుంది అని తనే చెప్పింది నర్సుకు, నర్సు చీటీ చూసి, నాలుగు నుంచి మూడే కదా పెద్దమ్మా, సగం తగ్గలే, నీకీ వైద్యం పనిచేసేటట్టు లేదు అంది, అప్పుడు లేచింది మంట, నువ్వెవనివిరా నా కాలుకు నాలుగేసేటోనివి, తొమ్మిదిరా అది, సాలు చివర లేవలేక పక్కామె చెయ్యి పట్టుకున్న తొమ్మిది, బస్సు మెట్టు ఎక్కలేక కండక్టరుతో తిట్లు తిన్న తొమ్మిది, ఎవరన్న అడిగిండ్రా నన్ను, ఒక్కరన్న అడిగిండ్రా.

నేనడగలేదా అమ్మా, అన్నాడు నిరంజన్, గొంతు పెంచకుండానే, రోజు పొద్దుగాల అడగలేదా, నువ్వేమంటివి, ఏం లేదు బిడ్డా, జర పట్టేసిందంతే అంటివి, జర అంటే నేనెంత చెప్పాలె, భీమమ్మ తిట్టబోయి ఆగిపోయింది, అడిగాడు, నిజమే, వాడు గడప దిగుతూ అడిగేవాడు, తను తలుపు చెక్క పట్టుకుని కుంటు కనపడకుండా నిలబడేది, చెబితే చేను కౌలుకిచ్చి ఇంట్లో కూర్చోమంటాడని, చేను లేకుండా తను ఎవరని, అందుకే రోజూ కొంచెం కొంచెం తగ్గించి చెప్పింది, వాడు నమ్మాడు, నమ్మింది నమ్మినట్టే నర్సుకు చెప్పాడు, ఇంతసేపూ తను ఎవరి మీద అరుస్తోంది, ఆ నాలుగు వాడు వేసింది కాదు, కొట్టెయ్యి బిడ్డా అంది నర్సుతో, అది నేనేసిందే.